పేపర్ ప్లేటంత చోటు

ఫ్లానెల్ చొక్కా వేసుకున్న ఆరడుగుల మనిషి ఎదురుగా నిలబడి, "మూస్‌ని ఎక్కడ కొట్టాలి?" అని, గుర్రమంత ఎత్తుండే ఇక్కడి దుప్పి గురించి అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగల తెలుగు ఆడవాళ్లు కెనడాలోని ఒంటారియోలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. నేనైతే మూడేళ్లు చెప్పాను. చికెన్ షాపులో కోడిని కోస్తుంటే అటు తిరిగి నిలబడే మనిషిని నేను. అయినా చెప్పాను. కొత్తగా వచ్చి పార్ట్ టైమ్ ఉద్యోగాలు వెతుక్కుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీకు వేట సామాన్ల కౌంటర్‌లో పని దొరికితే భయపడి వద్దనకండి. భయపడుతూనే చేరండి. ఎందుకలా అంటున్నానో చెబుతాను. బాబు నిద్రపోయాడు. లేచేలోపు పూర్తిచేయాలి.

గ్వెల్ఫ్‌లో చదువుకునేటప్పుడు ఊరి చివర క్యాంపింగ్ సామాన్ల దుకాణంలో టెంట్లు అమ్మే పనికి చేరాను. చదువయ్యాక ఫుల్ టైమ్ ఇచ్చారు. ఆ ఏడాది వేట సీజన్ మొదలయ్యే ముందు, దుకాణం వెనక వైపు తుపాకుల కౌంటర్‌లో ఒకాయన మానేశాడు. మేనేజర్ నా దగ్గరకొచ్చి, "నువ్వు ప్రతి టెంటుకీ మేకులు లెక్కపెట్టి ఇస్తావట గదా. తుపాకుల కౌంటర్‌కి అలాంటి పిరికి మనిషే కావాలి" అన్నాడు. అది పొగడ్తే అని తర్వాత తెలిసింది. సేఫ్టీ కోర్సు చేశాను, పరీక్ష రాశాను, లైసెన్సు వచ్చింది. ఇంటికి మాత్రం మా ఆయనా నేనూ స్పోర్ట్స్ షాపులో పని అని చెప్పాం. మా అత్తగారు చాలాకాలం నేను క్రికెట్ బ్యాట్లు అమ్ముతున్నాననే అనుకున్నారు.

ఆ కౌంటర్‌ని నడిపేది డెబ్బైకి దగ్గర పడిన పెద్దాయన ఒకరు. నన్ను 'కిడ్డో' అనేవాడు, పిల్లా అన్నట్టు. ఆయన మాట్లాడింది ఇంగ్లిషే అయినా ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. కౌంటర్ పక్కన నిలువెత్తు స్పాంజి జింక ఒకటి ఉండేది. దాని పక్కటెముకల దగ్గర చిన్న తలుపు. తెరిస్తే లోపల గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, పొట్ట రంగురంగుల్లో కనిపిస్తాయి. మొదటి రోజే ఆయన నా చేతికి పెన్సిల్ ఇచ్చాడు.

"జింక పక్కకి తిరిగి నిలబడింది అనుకో. ముందు కాలి వెనక అంచు పట్టుకుని పైకి వెళ్లు. ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు రాగానే ఆగు. అక్కడ పెట్టు."

పెట్టాను. ఆయన తలుపు తీశాడు. పెన్సిల్ మొన సరిగ్గా ఊపిరితిత్తుల మీద ఉంది.

"ఆ చోటు ఎంతుంటుంది?"

నేను అరచేయి చూపించాను. ఆయన నవ్వి, కౌంటర్ కింద నుంచి తెల్లటి పేపర్ ప్లేటు ఒకటి తీసి జింక ఒంటి మీద ఆనించాడు. మన ఊళ్లో పుట్టినరోజు కేకు పెట్టిచ్చే చిన్న ప్లేటు. "ఇంత. ఇందులో తగిలితే జింక కొన్ని సెకన్లలో పడిపోతుంది. దీని బయట తగిలితే రోజంతా చస్తూ ఉంటుంది. అదే తేడా. మిగతాదంతా బట్టల వ్యాపారం."

బట్టల వ్యాపారం కూడా తక్కువదేం కాదని నా అభిప్రాయం. కొత్తగా వేటకెళ్లేవాళ్లు మన దగ్గరకొచ్చి ముందు కత్తులు చూస్తారు. వాళ్లని నెమ్మదిగా సాక్సుల వైపు మళ్లించాలి. జీన్స్ ప్యాంటు తడిస్తే గంటలో ఒళ్లు గడ్డకడుతుంది, ఊలు తడిసినా వేడి నిలుపుతుంది. ఈ ఒక్క మాట వెయ్యిసార్లు చెప్పి ఉంటాను. నారింజ రంగు చొక్కా, టోపీ తప్పనిసరి. ఆకుల డిజైను వేసిన నారింజ చూడ్డానికి బాగుంటుంది గానీ సాదాదే మంచిది, అవతలి వేటగాడికి మీరు మనిషిలా కనిపించాలి గదా. దూరంగా ఏదో కదిలితే బైనాక్యులర్‌తో చూడాలి, తుపాకీ మీద బిగించే దుర్భిణితో, అంటే స్కోప్‌తో కాదు. ఎందుకంటే స్కోప్ ఎటు తిరిగితే తుపాకీ గొట్టమూ అటే తిరుగుతుంది. ఇక టాయిలెట్ పేపర్ రోలు. దాని అసలు పని ఒకటి ఉండనే ఉంది. రెండోది, గాయపడ్డ జంతువు రక్తపు చుక్కలు కనిపించిన ప్రతిచోటా ఒక ముక్క కొమ్మకి తగిలిస్తూ పోతే వెనక్కి చూసినప్పుడు అది నడిచిన దారి కనిపిస్తుంది. వానకి అదే కరిగిపోతుంది. ఈ మాట చెప్పినప్పుడల్లా ఎంత పెద్ద మీసాలాయనైనా బుద్ధిగా ఒక రోలు తీసి బుట్టలో వేసుకునేవాడు.

పెద్దాయన పెట్టిన ఆనవాయితీ ఇంకొకటి ఉంది. అసలు కథ దాని గురించే. కొత్త తుపాకీకి మేం స్కోప్ బిగించి ఇచ్చేటప్పుడు గొట్టంలో చిన్న లేజర్ పెడతాం. అది గోడ మీద వేసే చుక్కకి స్కోప్ లోపలి గీతల్ని కలుపుతాం. అది 'దాదాపు' మాత్రమే. అసలు సరిచేయడం షూటింగ్ రేంజ్‌లో జరగాలి. దూరంగా కాగితం పెట్టి కాల్చి, గుండు ఎక్కడ తగులుతోందో చూసుకుని స్కోప్ తిప్పుకోవాలి. అందుకని తుపాకీ పెట్టె అందించే ముందు దొంతరలోంచి ఒక పేపర్ ప్లేటు తీసి మనిషి చేతిలో పెట్టి, "ముందు దీన్ని కొట్టు, తర్వాత జింకని" అనాలి. ప్లేటు ఇవ్వకుండా పెట్టె ఇవ్వకూడదు. నేను ప్లేటు ఇచ్చి, మాట చెప్పి, మనిషి తలుపు దాకా వెళ్లాక మళ్లీ పిలిచి ఇంకోసారి చెప్పేదాన్ని. గ్యాస్ కట్టేశానా లేదా అని బస్టాపు నుంచి వెనక్కొచ్చే రకాన్ని.

రెండో ఏడాది అక్టోబరులో ఒక శనివారం ఒకాయన వచ్చాడు. నలభై దాటి ఉంటాయి, చేతిలో లిస్టు. నా చొక్కా మీది పేరు చదివి, కళ్లజోడు పైకి తోసుకుని, మెల్లగా అడిగాడు.

"ఏం చెల్లె, మనోళ్లేనా?"

అసలు ఆ కౌంటర్‌లో తెలుగు వినపడటం అదే మొదలు. నాకు ఒక్కసారి ఒళ్లు తేలికైంది. ఆయనది కరీంనగర్ వైపు, ఉండేది ఓక్‌విల్, పని సాఫ్ట్‌వేర్. వాళ్ల టీమ్ లీడ్ ఏటా నవంబరులో ఉత్తరాన అడవిలో క్యాంపు వేస్తాడట. నాలుగేళ్లుగా మిగతావాళ్లంతా వెళ్తున్నారు, ఈయన వెళ్లలేదు.

"సోమవారం పొద్దుగాల కాఫీ దగ్గర అందరు జింకల ముచ్చటే. నేను మధ్యల నిలవడి నవ్వుతుంట. ఈసారి పోవాలె చెల్లె. లైసెన్సులన్నీ అయినయ్. కాల్చుడు క్లబ్బుల నేర్చుకున్న."

తుపాకీ, స్కోప్, బూట్లు అన్నీ చూపించాను. స్పాంజి జింక దగ్గర పెన్సిల్ ఇచ్చి పాఠం తెలుగులో చెప్పాను. ఆయన మంచి విద్యార్థి. ఎదురుగా నిలబడితే? "కొట్టద్దు." వెనక్కి తిరిగి ఉంటే? "అస్సలు కొట్టద్దు." కాస్త అవతలికి తిరిగి ఉంటే? "అవతలి ముందు కాలు యాడుందో అటు గురి వెట్టాలె." నేను స్కోప్ బిగిస్తుంటే ఆయన కారు దగ్గరకెళ్లి స్టీలు డబ్బా పట్టుకొచ్చాడు. మూత తీయగానే నువ్వుల వాసన, వాము వాసన. సకినాలు.

"మా ఆమె చేసింది. క్యాంపుకని ముందే చేసి పెట్టింది. ఒకటి తిని చూడు."

చేతిలో పట్టుకుంటే పొడి రాలుతుంది, కింది అద్దాల కౌంటర్‌ని కోట్ల విలువైనదన్నట్టు చూసుకుంటాడు మా పెద్దాయన. అందుకని దొంతరలోంచి ఒక పేపర్ ప్లేటు తీసి అందులో పెట్టాను. వాసనకి పెద్దాయన కూడా వచ్చాడు. "ఇదేంటి, తాడు చుట్టలా ఉంది?" అంటూనే మూడు తిన్నాడు. గోంగూర మిసిసాగాలో ఎక్కడ బాగుంటుందో ఆ కరీంనగర్ అన్నయ్య చెప్పాడు, మా నరసరావుపేట గురించి నేను చెప్పాను. ప్లేటు ఖాళీ అయింది. దాన్ని మడిచి చెత్తబుట్టలో వేసి, చేతులు దులుపుకుని, తుపాకీ పెట్టె అందించాను.

"అంతా సరిచేశానన్నా. జాగ్రత్తగా వెళ్లిరండి."

ఆయన తలుపు దాటి వెళ్లిపోయాడు. నేను వెనక్కి పిలవలేదు. ఆ రోజు నాకు ఏ దిగులూ లేదు. అదే విచిత్రం.

నవంబరులో జింకల సీజన్ మొదలైన సోమవారం పొద్దున దుకాణం తీస్తుండగానే ఫోను.

"చెల్లె, నేను. కొట్టిన. గని పడలె."

 క్యాంపు దగ్గర గుట్టెక్కితే గానీ సిగ్నల్ రాదట, ఎగశ్వాస వినిపిస్తోంది. తెల్లవారిన కాసేపటికి జింక వచ్చింది, పక్కకి తిరిగి నిలబడింది, చెప్పినట్టే గురిపెట్టి కాల్చాడు.

"తగలగానే ఏం చేసింది? ఎగిరి పరిగెత్తిందా?"

"లేదు. వీపు వంచింది గూని లెక్క. మెల్లగ నడుసుకుంట పోయింది చెట్లల్లకు."

వీపు వంచడం మంచి గుర్తు కాదు. "రక్తం ఏ రంగు?"

"కొంచెమే ఉన్నది. ఆకుపచ్చగ ఏదో కలిసింది. వాసనొస్తున్నది."

గుండు పొట్టలో తగిలింది. పెద్దాయన పక్కనే నిలబడి నా మొహం చూస్తున్నాడు. నేను ఒకటే ప్రశ్న అడిగాను, అడగకముందే జవాబు తెలిసిపోయింది.

"అన్నా, రేంజ్‌కి వెళ్లారా? ఆ తుపాకీతో కాగితం మీద కాల్చారా?"

"ఎందుకు? నువ్వు సరిచేసిచ్చినవ్ గద." ఆగి, అన్నాడు, "తుపాకీది గాదు చెల్లె. నా చేతిదే తప్పు. వణికింది. మా లీడ్ ఏమంటలేడు, గని ఆ మొహం జూస్తే తెలుస్తున్నది. ఆ జీవిని ఆగం చేసిన."

పెద్దాయన ఫోన్ తీసుకున్నాడు. "దాని వెనక పడొద్దు. తరిమితే మైళ్ల కొద్దీ పోతుంది. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. మధ్యాహ్నం దాకా ఎవరూ ఆ చెట్లలోకి వెళ్లకండి. మేం వస్తున్నాం."

సాయంత్రం నాలుగింటికి వాన ఉందని ఫోన్‌లో చూపిస్తోంది. వాన పడితే రక్తపు జాడ పోతుంది. అయిదింటికి చీకటి. ఆలోపు దొరకకపోతే ఆ జింక ఎక్కడో ఒక పొద కింద రాత్రంతా నొప్పితో పడి ఉంటుంది, దానికి కారణం నేను. మేనేజర్ అడ్డం వచ్చాడు. "ఇద్దరూ వెళ్తే కౌంటర్ ఎవరు చూస్తారు?" పెద్దాయన కోటు వేసుకుంటూ, "సీజన్ మొదటి రోజు వేట కౌంటర్‌కి ఎవరొస్తారు? జింకలొస్తాయేమో, వస్తే టెంట్లు అమ్ము" అన్నాడు.

పెద్దాయన కారు నడుపుతున్నాడు. హైవే మీద టొరంటో వెళ్లే వాళ్ల వరస దాటాక చెప్పేశాను.

"ఆయనకి ప్లేటు ఇవ్వలేదు. ఆ ప్లేటులో సకినాలు పెట్టాను."

పెద్దాయన రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. "తెలుసు. మూడు నేనే తిన్నాను. పక్కన నిలబడి చూస్తూ తిన్నాను." కొంచెం ఆగి, "నలభై ఏళ్ల నుంచి ప్లేట్లు ఇస్తున్నాను కిడ్డో. చాలా రుచిగా ఉన్నాయి అవి" అన్నాడు. 

"ఆయన తన చెయ్యి వణికిందనుకుంటున్నాడు."

"అనుకోనిస్తావా?"

 నిజం చెబితే దుకాణం పేరు పోతుంది, ఉద్యోగం పోవచ్చు, అన్నిటికీ మించి 'చెల్లె' అన్న పిలుపు పోతుంది. ఇవన్నీ వరసగా లెక్కేసుకుంటూ కూర్చున్నాను.

వందల కొద్దీ నారింజ చొక్కాలు అమ్మాను గానీ వేసుకోవడం అదే మొదటిసారి. మేం వెళ్లేసరికి అన్నయ్య గుట్ట కింద రాయి మీద కూర్చుని ఉన్నాడు. రోజూ కోడ్ రాసుకునే మనిషి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. వాళ్ల టీమ్ లీడ్ ఎర్ర గడ్డం మనిషి. మాకు కాఫీ పోసిచ్చాడు. ఒంటిగంటన్నర దాకా ఆగాం. ఒక్క కాఫీని అంతసేపు నేనెప్పుడూ తాగలేదు.

తర్వాత నలుగురం ఒకరి వెనక ఒకరం చెట్లలోకి వెళ్లాం. పెద్దాయన ముందు, వంగి ఆకులు చూస్తూ. వెనక నేను, చేతిలో టాయిలెట్ పేపర్. చుక్క కనిపించిన చోటల్లా ఒక ముక్క. మొదట పది అడుగులకి ఒకటి, తర్వాత ముప్ఫై అడుగులకి ఒకటి, తర్వాత అసలు లేదు. ఆగిపోయాం. మబ్బు కిందికి దిగుతోంది. నేను వెనక్కి తిరిగి చూశాను. తెల్ల ముక్కలన్నీ ఒకే వరసలో, కుడి పక్కకి వంపు తిరుగుతూ ఉన్నాయి. ఆ వంపు అలాగే కొనసాగితే ఎటు పోతుందో చూపుడు వేలితో చూపించాను. కింద సన్నగా నీళ్ల చప్పుడు.

"పొట్టలో గాయమైతే దాహమేస్తుంది. నీళ్ల దగ్గరికే పోతుంది" అన్నాడు పెద్దాయన. నా భుజం తట్టాడు.

వాగు పక్కన ఎండిన రెల్లులో పడుకుని ఉంది. తల పైకెత్తే ఉంది. మాకు పక్కకి తిరిగి, నలభై అడుగుల దూరంలో. చెవులు కదిలాయి గానీ లేవలేకపోయింది. టీమ్ లీడ్ తన తుపాకీ అన్నయ్య చేతికిచ్చాడు. "నీ జింక. నాది సరిగ్గా ఉంది, దీంతో కొట్టు."

అన్నయ్య తుపాకీ తీసుకోలేదు. నా వైపు తిరిగి గుసగుసగా అన్నాడు. "నాతోని కాదు చెల్లె. నా చెయ్యి మంచిది గాదు. మళ్లొకసారి తప్పితే నేను బతకలేను. వీళ్లనే కొట్టుమను."

ఇంక దాచడానికి చోటు లేకపోయింది.

"అన్నా, పొద్దున మీ చెయ్యి వణకలేదు. నేను ఆ స్కోప్ సగమే సరిచేశాను. మీరు వెళ్లి కాగితం మీద కాల్చి చూసుకోవాలి. అది చెప్పడానికే ప్లేటు ఇస్తాం. మీ ప్లేటులో నేను సకినాలు పెట్టుకు తిన్నాను. తప్పు నాది. మీరు గురిపెట్టిన చోటు సరైనదే, తుపాకీ పక్కకి కొట్టింది."

ఆయన నన్ను చూశాడు. కోపం వచ్చిందో లేదో ఆ మొహంలో తెలియలేదు. చెయ్యి చాపి లీడ్ దగ్గర తుపాకీ అందుకున్నాడు. ఒక మోకాలు నేల మీద పెట్టి, మోచెయ్యి రెండో మోకాలి మీద ఆనించాడు.

నేను ఆయన చెవి పక్కనే కూర్చున్నాను. "ముందు కాలి వెనక అంచు. దొరికిందా?"

"ఆఁ."

"పైకి రండి. మూడో వంతు. ఆగండి. ఊపిరి వదలండి."

చప్పుడు అయింది. తల నెమ్మదిగా రెల్లు మీదికి వాలింది. అంతే. నేను మొహం తిప్పుకోలేదు. మొదటిసారి అటు తిరగకుండా చూశాను.

 అన్నయ్య లేచి దాని దగ్గరకెళ్లి, చెయ్యి మెడ మీద పెట్టి నిలబడ్డాడు. ఎర్ర గడ్డం లీడ్ టోపీ తీసి, ఆయన వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. వాన మేం క్యాంపు చేరాక మొదలైంది. నేను తగిలించిన తెల్ల ముక్కలన్నీ ఆ వానకి కరిగిపోయి ఉంటాయి.

తిరిగి వచ్చేటప్పుడు అన్నయ్య కారు దాకా వచ్చాడు గానీ ఏమీ అనలేదు. మర్నాడు మేనేజర్‌కి జరిగిందంతా నేనే చెప్పాను. నాతో పాటు పెద్దాయన కూడా వచ్చి, "నేను మూడు తిన్నాను, ఆమె ఒకటే తింది, ఆ లెక్కన చూడు" అన్నాడు. మేనేజర్ వారం రోజులు నన్ను టెంట్ల వైపు పంపాడు. ఆ వారంలోనే ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. అట్టపెట్టె మీద అంటించిన పేపర్ ప్లేటు. మూడు చిల్లులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, మూడూ ప్లేటుకి జానెడు పక్కన, అట్ట మీద. కింద ఒక్క ముక్క కూడా రాయలేదు. స్కోప్ తిప్పకుండా అదే తుపాకీతో కాల్చి చూసుకున్నట్టున్నాడు. నేను దాన్ని పెద్దది చేసి చూశాను. అంత దగ్గర దగ్గరగా కొట్టిన చెయ్యి వణికే చెయ్యి కాదు. అది ఆయనకి తెలిసిందన్నమాట. నాకు చెప్పాలనుకున్నాడన్నమాట.

చెల్లెళ్లూ, ఆ మూడేళ్లలో నేను అతిగా భయపడి ఎవరికీ నష్టం చేయలేదు. ఎప్పుడూ లేనిది హాయిగా ఉన్న ఒక్క రోజే చేశాను. ఇప్పుడు బాబు కారు సీటు మా ఆయన బిగించాక నేను మోకాలు పెట్టి లాగి చూస్తాను. ఆయన విసుక్కుంటాడు. విసుక్కోనీ.

మరుసటి ఏడాది అక్టోబరు చివర, నా ఉద్యోగంలో ఆఖరి నెల. ఏడో నెల కడుపుతో కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుని ఉన్నాను. తలుపు తోసుకుని అన్నయ్య వచ్చాడు. ఒక చేతిలో తుపాకీ పెట్టె కాదు, పేపర్ ప్లేటు. కౌంటర్ మీద పెట్టాడు. మధ్యలో మూడు చిల్లులు, ఒక బొటనవేలు పెడితే మూడూ మూసుకుపోతాయి.

"క్యాంపుకు వచ్చే వారం పోతున్నం. ముందుగాల నీకు చూపించి పోదామని." రెండో చేతిలోని స్టీలు డబ్బా కూడా పెట్టాడు. నా కడుపు చూసి, "ఓ, కోడలా అల్లుడా?" అని నవ్వాడు.

మూత తీయగానే పెద్దాయన ఎక్కడి నుంచో ప్రత్యక్షమయ్యాడు. అలవాటు కొద్దీ పేపర్ ప్లేట్ల దొంతర వైపు చెయ్యి చాపాడు. నేను ఆ చేతి మీద ఒక్కటి వేశాను.

డబ్బా మూతలో పెట్టుకుని తిన్నాం.